ఫ్యాక్టరీ ఛానల్‌లో ఒకరు పలకడం మానేస్తే: మిగతావాళ్లు మూతపడకుండా ఆయన్ని సాగనంపేదెలా?

#1 – గోదారి_నోడ్

ఐదుగురి ఛానల్ ఫ్యాక్టరీ (ఒకే ఉమ్మడి బిట్‌కాయిన్ నిధి లోపల చాలా లైట్నింగ్ ఛానళ్లు, అంటే ప్రతిదీ చైన్ మీద రాయకుండా ఇద్దరు చెల్లించుకునే ఖాతాలు) ఒకటి సిగ్నెట్ (బిట్‌కాయిన్ ప్రయోగాల నెట్‌వర్క్) మీద కడుతున్నాం. ఒకే యూటీఎక్స్‌ఓ (చైన్ మీద ఇంకా ఖర్చు కాని మొత్తం), ట్యాప్‌రూట్ చిరునామా (ఒక కీతో నేరుగా, లేదా ‘లీఫ్’ అనే షరతుల స్క్రిప్ట్‌తో ఖర్చు చెయ్యగలిగేది), కీ పాత్‌లో (నేరుగా కీతో ఖర్చు చేసే దారిలో) మ్యూసిగ్2తో ఐదుగురి ఉమ్మడి సంతకం. సభ్యుల్ని అ, ఆ, ఇ, ఈ, ఉ అందాం. వాటాలు సాట్లలో (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగం): అ 20 లక్షలు, ఆ 12 లక్షలు, ఇ 9 లక్షలు, ఈ 6 లక్షలు, ఉ 3 లక్షలు. మొత్తం 50 లక్షలు. స్టేట్ (ఎవరి వాటా ఎంతో చెప్పే లెక్క) మార్చడానికి డెకర్–వాటెన్‌హోఫర్ పద్ధతి (ఎన్‌సీక్వెన్స్, అంటే లావాదేవీ ఎన్ని బ్లాకులు ఆగాలో చెప్పే అంకె, తగ్గించుకుంటూ పోయేది; కొత్త స్టేట్ పాతదానికంటే ముందు చైన్ ఎక్కగలుగుతుంది), మూడు అంతస్తులు. ఒక్కో అంతస్తులో 432, 288, 144, 0 బ్లాకులు (144 అంటే సుమారు ఒక రోజు).

ఇప్పుడు ‘ఈ’ నోడ్ పలకడం మానేసింది అనుకోండి. పింగ్‌కి పాంగ్ రాదు, నాన్స్ (ఉమ్మడి సంతకానికి ఒక్కొక్కరు ఇచ్చే, ఒక్కసారే వాడే సంఖ్య) అడిగితే రాదు. మిగతా నలుగురూ ఫ్యాక్టరీని మూసెయ్యకుండా, ‘ఈ’ని తన 6 లక్షలతో పంపేసి కొనసాగాలి. ‘30 రోజులు దాటాక ఐదుగురిలో నలుగురి సంతకం చాలు’ అని ఒక స్క్రిప్ట్ లీఫ్ పెడితే సరిపోతుందా?

#2 – బ్లాక్144

సరిపోదు. నువ్వు చెప్పిన లీఫ్‌లో 4320 బ్లాకుల సీఎస్‌వీ (అన్ని బ్లాకులు గడిచేదాకా ఖర్చుని ఆపే తాళం) ఉంటుంది. ఆ గడియారం ‘ఈ’ మౌనం నుంచి మొదలవ్వదు, యూటీఎక్స్‌ఓ కన్ఫర్మ్ అయిన బ్లాక్ నుంచి మొదలవుతుంది. అంటే 31వ రోజు నుంచి ‘ఈ’ నిమిషనిమిషానికీ పలుకుతున్నా సరే, మిగతా నలుగురూ కలిస్తే మొత్తం 50 లక్షలూ ఎత్తుకుపోవచ్చు. డబ్బు ఎక్కడికి వెళ్లాలో ఆ లీఫ్ చెప్పదు, ఎవరు సంతకం పెట్టాలో మాత్రమే చెబుతుంది.

నెలనెలా చైన్ మీద కొత్త యూటీఎక్స్‌ఓగా మారిస్తే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. చైన్ మీదికి వెళ్లకూడదనే కదా ఫ్యాక్టరీ కట్టుకున్నది.

#3 – మెర్కిల్_మామ

చీటీల లెక్కలో చూడండి. చీటీ పాడుకోని సభ్యుడు వాయిదా ఎగ్గొడితే ఫోర్‌మన్ అతని పేరు కొట్టేసి ఇంకొకర్ని పెట్టుకోవచ్చని 1982 చిట్ ఫండ్స్ చట్టంలోనే ఉంది. అక్కడ ఎగ్గొట్టాడనడానికి పాస్‌బుక్కు సాక్ష్యం. ఇక్కడ ఫోర్‌మన్ లేడు, పాస్‌బుక్కూ లేదు. “‘ఈ’ నాకు జవాబివ్వలేదు” అని ‘ఆ’ అంటాడు. “పంపాను, నీ దగ్గరే ఆగింది” అని ‘ఈ’ అంటాడు. బిట్‌కాయిన్ స్క్రిప్ట్ ఈ పంచాయతీ తీర్చలేదు. మౌనానికి చైన్ మీద రుజువు ఉండదు.

కాబట్టి ‘పలకలేదని ఎలా నిరూపించాలి’ అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. పలుకుతున్నవాణ్ని పొరపాటున సాగనంపినా అతనికి ఒక్క సాట్ నష్టం రాకూడదు. అలా కట్టగలిగితే రుజువుతో పనే లేదు.

#4 – నిజాం_సాట్స్

మామ చెప్పింది కరెక్టే. కానీ దానికోసం అందరి నిష్క్రమణ లావాదేవీలూ ముందే సంతకం చేసి పెట్టుకుందామంటే లెక్క ఎటు పోతదో చూడుర్రి. ఎవరు ముందు పోతరో, తర్వాత ఎవరో తెల్వదు. ప్రతి వరసకీ వేరే టీఎక్స్‌ఐడీ (లావాదేవీ గుర్తింపు సంఖ్య). నలుగురికి 28 లావాదేవీలు. ఐదుగురికి 145. పదిమందికి 44,20,900. స్టేట్ మారినప్పుడల్లా ఇవన్నీ మళ్లా మొదటికెళ్లి.

మ్యూసిగ్2లో ఒక్కో సంతకానికి 66 బైట్ల పబ్లిక్ నాన్స్. పదిమంది పూల్‌లో (ఉమ్మడి నిధిలో) ఒక్కొక్కరు పంపాల్సింది 29 కోట్ల బైట్లు.

#5 – తాళంచెవి

44 లక్షల లెక్క సరే, 29 కోట్లు తప్పు. అందరూ అన్నిటికీ సంతకం పెట్టక్కర్లేదు. ఒకరు వెళ్లిపోయాక మిగిలిన పూల్ కీలో ఆయన ఉండడు కదా. తొలి 10 లావాదేవీలకి పదిమందీ, తర్వాతి 90కి తొమ్మిదేసి మంది, ఆ తర్వాత 720కి ఎనిమిదేసి మంది, అలా తగ్గుతుంది. ఒక్కొక్కరికి వచ్చేవి 12,47,059 సంతకాలు. నాన్స్‌లు సుమారు 8.2 కోట్ల బైట్లు. అదీ అసాధ్యమే అనుకోండి, కానీ లెక్క లెక్కే.

సీటీవీ (డబ్బు ఎటు వెళ్లాలో ముందే బిగించే కొత్త ఒప్‌కోడ్, అంటే స్క్రిప్ట్ ఆదేశం; బిప్ 119 అనే బిట్‌కాయిన్ మార్పు ప్రతిపాదనలోది) ఉంటే టీఎక్స్‌ఐడీకి కట్టుబడక్కర్లేదు కాబట్టి వెళ్లిన వరస పోయి, మిగిలినవాళ్లు ఎవరన్నదే మిగులుతుంది. పదిమందికి 5,065. పెద్ద ఉపశమనమే, కానీ మనిషి పెరిగినప్పుడల్లా రెట్టింపు దాటుతూనే ఉంటుంది.

#6 – నిజాం_సాట్స్

సరే అక్కా, ఒప్పుకున్న. 12 లక్షలు.

#7 – డల్లాస్_రూటర్

ఇక్కడ అందరూ కష్టమైన సమస్యకి జవాబు వెతుకుతున్నారు. ‘ఈ’ వెళ్లిపోయాక మిగిలిన నలుగురూ బతికే ఉన్నారు, మాట్లాడుకుంటున్నారు. తర్వాతి నిష్క్రమణలకి సంతకాలు వాళ్లు అప్పుడు పెట్టుకోవచ్చు. ముందే చేతిలో ఉండాల్సినవి ఇవి మాత్రమే:

ఒకటి, ఐదుగురికీ ఎవరి వాటా వారికి ఇచ్చేసే పూర్తి పంపకం లావాదేవీ. రెండు, ఒక్కొక్కరిని సాగనంపే లావాదేవీ, మొత్తం 5. మూడు, ఆ ఐదు సందర్భాల్లోనూ మిగిలే నలుగురి పూల్‌కి పూర్తి పంపకం, ఇంకో 5. మొత్తం 11. పదిమందికైతే 21.

మూడోది మర్చిపోతే కొంప మునుగుతుంది. ‘ఈ’ని పంపేశాక ‘ఉ’ కూడా మాయమైతే, నలుగురి సంతకం కావాల్సిన అవుట్‌పుట్‌లో 44 లక్షలు ఇరుక్కుంటాయి. బయటికి దారి ఉండదు.

ఇద్దరు ఒకేసారి మాయమైతే పూల్ చచ్చిపోతుంది, పూర్తి పంపకం పంపుకోవాలి. డబ్బు మాత్రం ఎవరిదీ పోదు. ఐదుగురి గుంపుకి ఆ రాజీ నాకు సమ్మతమే.

#8 – గోదారి_నోడ్

11 అయితే హాయిగా ఉంది. కానీ ‘ఈ’ని పంపే లావాదేవీ పూర్తి సంతకాలతో అందరి దగ్గరా ఉంటే, ‘ఉ’ ఒక్కడే కోపమొచ్చి దాన్ని బ్రాడ్‌కాస్ట్ చేసెయ్యొచ్చు కదా?

#9 – తాళంచెవి

చెయ్యొచ్చు. అందుకే దాన్ని మ్యూసిగ్2తో పూర్తిగా సంతకం చేసి పెట్టకూడదు. ‘ఈ’ సంతకం ఒక్కటే ముందుగా తీసుకుని పెట్టుకోండి. మిగతా నలుగురివీ పంపాలని నిర్ణయించుకున్న రోజున పెట్టాలి.

మ్యూసిగ్2లో ఇది కుదరదనే చెప్పాలి. పార్షియల్ సంతకం అందరి నాన్స్‌ల మొత్తం మీద ఆధారపడుతుంది. ‘ఈ’ ముందే పెట్టాలంటే మిగతా నలుగురూ రహస్య నాన్స్‌లని నెలల తరబడి డిస్క్ మీద దాచుకోవాలి. బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి అదే నాన్స్‌తో ఇంకో సందేశానికి సంతకం పెడితే ప్రైవేట్ కీ బయటపడుతుంది.

దానికి బదులు స్టేట్ అవుట్‌పుట్‌కి కీ పాత్‌తో పాటు ఒక లీఫ్ పెట్టండి: ఐదుగురి కీలూ విడివిడిగా, నాలుగుసార్లు చెక్‌సిగ్‌వెరిఫై, చివర ఒక చెక్‌సిగ్ (రెండూ సంతకం సరిచూసే ఆదేశాలే). అప్పుడు ‘ఈ’ ఇచ్చేది మామూలు ష్నోర్ సంతకం (బిప్ 340). ఎవరితోనూ రౌండ్లు తిరగక్కర్లేదు. ప్రతి స్టేట్‌కీ ఒక్కొక్కరు తమను పంపే లావాదేవీకి ఒక్క సంతకం పెట్టి మిగతావాళ్లకి ఇస్తారు. మొత్తం ఐదు సంతకాలు.

సైజు చూసుకోండి. లీఫ్ స్క్రిప్ట్ 170 బైట్లు, సంతకాలు 325, కంట్రోల్ బ్లాక్ (ఆ లీఫ్ ఈ చిరునామాలోదేనన్న రుజువు) 34. ఇన్‌పుట్ సుమారు 174 వీబైట్లు (ఫీజు లెక్కకి వాడే సైజు కొలత; కీ పాత్ అయితే 57.5). రెండు అవుట్‌పుట్లతో మొత్తం 270 చిల్లర.

#10 – డల్లాస్_రూటర్

దీనికి ఇంకో మెలిక. ‘ఈ’ తన సంతకాన్ని సింగిల్, ఎనీవన్‌కెన్‌పే సిగ్‌హ్యాష్‌తో (సంతకం లావాదేవీలో ఏయే భాగాలకి వర్తిస్తుందో చెప్పే గుర్తు) పెడితే, అతను ఒప్పుకునేది ‘మన యూటీఎక్స్‌ఓ ఖర్చు చేసుకోండి, నా ఇన్‌పుట్ వరసలోనే ఉన్న అవుట్‌పుట్‌లో నా చిరునామాకి 6,00,000 సాట్లు ఉండాలి’ అన్నంతవరకే. మిగతా 44 లక్షలు ఎటు వెళ్లాలో, ఫీజుకి అదనపు ఇన్‌పుట్ కలపాలో వద్దో నలుగురి ఇష్టం. ఆ నలుగురు మాత్రం డిఫాల్ట్ సిగ్‌హ్యాష్‌తో (లావాదేవీ మొత్తానికీ వర్తించేది) పెట్టాలి. లేకపోతే చివరి సంతకందారు అవుట్‌పుట్ మార్చేస్తాడు.

పాత స్టేట్ సంతకంతో మోసం కూడా కుదరదు. ఎనీవన్‌కెన్‌పే అయినా తన ఇన్‌పుట్ అవుట్‌పాయింట్‌కి (ఏ లావాదేవీలోని ఎన్నో అవుట్‌పుట్ అన్నదానికి) సంతకం కట్టుబడే ఉంటుంది. స్టేట్ మారితే అవుట్‌పాయింట్ మారుతుంది.

పరిమితి ఒకటి. ఒకే లావాదేవీలో ఇద్దర్ని పంపలేరు. ఇన్‌పుట్ ఒక్కటే, కాబట్టి ఇద్దరి సింగిల్ సంతకాలూ ఒకే అవుట్‌పుట్‌నే చూస్తాయి.

#11 – కొత్తగా_వచ్చా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇద్దరి మధ్య మామూలు లైట్నింగ్ ఛానల్‌లో అవతలివాళ్లు పలక్కపోతే ఇంత తతంగం ఉండదు కదండీ?

#12 – బ్లాక్144

ఉండదు. మీ దగ్గర తాజా కమిట్‌మెంట్ లావాదేవీ (ఇద్దరి వాటాలూ పంచేది) అవతలివాళ్ల సంతకంతో సహా ఉంటుంది, దాన్ని పంపడమే ఫోర్స్ క్లోజ్. ఎల్‌ఎన్‌డీలో (ఇదీ, కోర్ లైట్నింగూ లైట్నింగ్ నోడ్ సాఫ్ట్‌వేర్లు) క్లోజ్‌ఛానల్‌కి ఫోర్స్ ఆప్షన్ మీరే ఇవ్వాలి. కోర్ లైట్నింగ్‌లో క్లోజ్ కమాండ్ 1,72,800 సెకన్లు (2 రోజులు) మర్యాదగా మూయడానికి చూసి, తర్వాత తనే ఫోర్స్ చేస్తుంది. మీ సొమ్ము చేతికి రావడానికి టు_సెల్ఫ్_డిలే (ఛానల్‌లో ముందే ఒప్పుకున్న ఎదురుచూపు) ఆగాలి. ఎల్‌ఎన్‌డీలో ఛానల్ సైజుని బట్టి 144 నుంచి 2016 బ్లాకులు.

రెండు జాగ్రత్తలు. పాత డేటాబేస్ కాపీ రీస్టోర్ చేసి ఫోర్స్ క్లోజ్ కొట్టకండి, అది పాత స్టేట్ అయితే మొత్తం పోతుంది. రెండోది చాలామందికి తెలీదు: ఎల్‌ఎన్‌డీ స్టాటిక్ ఛానల్ బ్యాకప్ తనంతట తాను ఏమీ మూయదు. ‘నా డేటా పోయింది, నువ్వు మూసెయ్’ అని అవతలి నోడ్‌ని అడుగుతుంది. అవతలివాడే పలకనివాడైతే ఆ బ్యాకప్ పేపర్ బరువుకి కూడా పనికిరాదు.

#13 – కొత్తగా_వచ్చా

ధన్యవాదాలండీ. రెండోది నిజంగా తెలీదు.

#14 – మెర్కిల్_మామ

ఇక ఒప్‌కోడ్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 సెప్టెంబరులో ఆంటొనీ టౌన్స్ టీఎల్‌యూవీ ప్రతిపాదించారు. అందులో ఒక సభ్యుడు తన వాటా తీసుకుని తానే వెళ్లగలడు, మిగతావాళ్ల సంతకం అక్కర్లేదు. కానీ మన సమస్య తిరగేసి ఉంది. పలకనివాడు తనంతట తాను వెళ్లడు కదా! అందుకని మిగతా నలుగురే ఒకరి తర్వాత ఒకరు బయటికొచ్చి, ‘ఈ’ని ఖాళీ ఇంట్లో వదిలేసి, వేరే చోట కొత్త కాపురం పెట్టాలి. నాలుగు లావాదేవీలు, ఆపైన కొత్త పూల్ కట్టడానికి ఇంకోటి.

2022 ఫిబ్రవరిలో జెడ్‌ఎంఎన్‌ఎస్‌సీపీఎక్స్‌జే పేరుతో రాసే డెవలపర్ ఓపీ_ఎవిక్ట్ తెచ్చారు. సరిగ్గా ఈ పని కోసమే. మిగిలినవాళ్లంతా కలిసి పలకనివాణ్ని, లేదా ఒకేసారి పలకని ఇద్దరు ముగ్గుర్ని, ఒకే లావాదేవీలో పంపుతారు. ఇవ్వాల్సినవి: మొత్తం కీ (అందరి కీలూ కూడితే వచ్చేది), పంపేవాళ్ల సంఖ్య, ఒక్కొక్కరికి అవుట్‌పుట్ నంబరు, ఆ అవుట్‌పుట్‌కి వాళ్లు ముందే ఇచ్చిన సంతకం, చివరగా మిగిలినవాళ్ల ఉమ్మడి సంతకం. నోడ్ మొత్తం కీలోంచి వెళ్లేవాళ్ల కీలు తీసేసి, మిగిలిన కీతో ఆ చివరి సంతకం సరిచూస్తుంది. చెట్లూ లేవు, వరసలూ లేవు. #9లో 174 వీబైట్లు పట్టిన ఇన్‌పుట్ ఇందులో 84 దగ్గర ఆగుతుందని నా లెక్క.

మెయిన్‌నెట్ (అసలు బిట్‌కాయిన్ నెట్‌వర్క్) మీద ఈ రెండూ లేవు. సీటీవీ, ఎనీప్రివౌట్ (బిప్ 118, సంతకాన్ని ఒకే టీఎక్స్‌ఐడీకి కట్టెయ్యనిది) కూడా లేవు. ఆ రెంటినీ సిగ్నెట్ మీద బిట్‌కాయిన్ ఇన్‌క్విజిషన్ నోడ్‌తో ప్రయత్నించొచ్చు.

#15 – తాళంచెవి

మామగారూ, ఎవిక్ట్‌లో ఒక గుంట ఉంది, చెప్పకుండా వదిలేశారు. అవుట్‌పుట్ మీద పెట్టిన సంతకానికి అవుట్‌పాయింట్‌తో సంబంధం లేదు. పోయిన నెల ‘ఈ’ వాటా 2 లక్షలు, ఈ నెల 6 లక్షలు అనుకోండి. రెండు నెలలూ అదే కీ వాడితే నలుగురూ పాత సంతకం బయటికి తీసి 2 లక్షలు ‘ఈ’ చేతిలో పెట్టి 4 లక్షలు పంచుకుంటారు. చైన్ దృష్టిలో అంతా సక్రమమే. స్టేట్ మారినప్పుడల్లా అందరూ కొత్త కీలు వాడితే తప్ప ఇది ఆగదు. అప్పుడు మొత్తం కీ కూడా మారి, పాత సంతకం తీసివేతకి సరిపోదు.

ఇంకో రెండు. కీలని సాదాగా కూడితే చివర వచ్చినవాడు మిగతావాళ్ల కీలు తీసేసిన కీ ప్రకటించి మొత్తం తన చేతిలో పెట్టుకోగలడు. ఆ అవుట్‌పుట్ సంతకాన్ని నిధి వెయ్యకముందే అందరి దగ్గరా తీసుకుంటే, ప్రైవేట్ కీ ఉన్నట్టు రుజువూ అదే అవుతుంది. మ్యూసిగ్2 గుణకాలు వాడితే, గుణించిన తర్వాతి కీనే తీసెయ్యాలి, ముందుది కాదు. ఇక బిప్ 340 కీలో వై (కీ అనే బిందువు రెండో కొలత) సరో బేసో ఉండదు. కూడకముందే అందరూ సరి వైకి మార్చుకోకపోతే కూడిక ఒకటి, తీసివేత ఇంకొకటి అవుతుంది. టెస్టుల్లో సగంసార్లు పాసై సగంసార్లు ఫెయిలైతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

#16 – నిజాం_సాట్స్

అందరూ ‘ఈ’ చిరునామాకు 6 లక్షలు పంపుడు గురించే మాట్లాడుతున్నరు. ఫ్యాక్టరీ అంటే లోపల ఛానళ్లు ఉంటయ్ కదా? ‘ఆ’–‘ఈ’ సభ్యుల మధ్య ఛానల్ ఉంటే గా 6 లక్షలు ‘ఈ’ ఒక్కడివే కావు. బయటికి పంపాల్సింది మనిషిని కాదు, ఛానల్‌ని. అవుట్‌పుట్ ఆ–ఈ ఇద్దరి కీలతో ఉండాలె.

గప్పుడు #10లో చెప్పిన సింగిల్ సిగ్‌హ్యాష్ పనికిరాదు. లోపలి ఛానల్ కమిట్‌మెంట్‌కు సాగనంపే లావాదేవీ టీఎక్స్‌ఐడీ కావాలె. మీరేమో మిగతా అవుట్‌పుట్లు, ఇన్‌పుట్లు తర్వాత ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చని వదిలేసిన్రు. టీఎక్స్‌ఐడీ మారితే ‘ఈ’ మళ్లా సంతకం పెట్టాలె. పలకనోడు ఎట్ల పెడతడు?

#17 – డల్లాస్_రూటర్

నిజమే, నేను ఛానళ్లు లేని పూల్ ఊహించుకుని రాశాను. దిద్దుతున్నాను.

లోపల ఛానళ్లు ఉంటే ‘ఈ’ సంతకం కూడా డిఫాల్ట్ సిగ్‌హ్యాష్‌తోనే ఉండాలి. అవుట్‌పుట్లు మూడూ ముందే ఖాయం: ఆ–ఈ ఛానల్, నలుగురి పూల్, ఫీజు కోసం ఒక పీ2ఏ (ఎవరైనా ఖర్చు చేసి ఫీజు జోడించగలిగే అవుట్‌పుట్). టీఎక్స్‌ఐడీ ముందే తెలుస్తుంది. దీనికి మూల్యం ఏమిటంటే, లోపలి ఛానల్‌లో ఒక్క చెల్లింపు జరిగినా స్ప్లైసింగ్‌లో (నడుస్తున్న ఛానల్ సైజు మార్చడంలో) లాగా అన్ని అవకాశాలకీ కమిట్‌మెంట్ పెట్టాలి: పూర్తి పంపకం జరిగితే ఒకటి, ఐదుగురిలో ఎవర్ని పంపినా ఒక్కోటి. ఐదుగురి ఫ్యాక్టరీలో ప్రతి అప్‌డేట్‌కీ 6 కమిట్‌మెంట్లు. ఎనీప్రివౌట్ ఉంటే ఒక్కటే చాలు, అది వేరే సంగతి.

సింగిల్ ఆలోచన ఛానళ్లు లేని ఉమ్మడి పూల్‌కే వాడండి. అక్కడ కూడా ఫీజు ఇన్‌పుట్ ఏదో తేల్చుకున్నాకే కొత్త పూల్ కిక్‌ఆఫ్‌కి (అంతస్తుల గడియారం మొదలుపెట్టే తొలి లావాదేవీకి) సంతకాలు పెట్టాలి. ముందు పెడితే టీఎక్స్‌ఐడీ మారి అవి చెత్తబుట్టలోకి.

#18 – బ్లాక్144

హెచ్‌టీఎల్‌సీల (గడువులోపు రహస్య సంఖ్య చూపితేనే చేతికొచ్చే చెల్లింపుల) గడువు సంగతి. మూడు అంతస్తులు, గరిష్ఠంగా ఒక్కోటి 432. అన్నీ మొదటి స్టేట్‌లోనే ఉన్నప్పుడు ‘ఈ’ మాయమైతే చైన్ మీద మొత్తం విప్పడానికి 1296 బ్లాకులు, 9 రోజులు. లైట్నింగ్‌లో ఒక చెల్లింపు దారి మొత్తానికి సిఫార్సు చేసే గరిష్ఠ గడువే 2016. ఫ్యాక్టరీ ఒక్కటే అందులో మూడింట రెండు వంతులు మింగేస్తోంది. 80 బ్లాకుల గడువు మిగిలిన హెచ్‌టీఎల్‌సీ ఆ–ఈ ఛానల్‌లో ఉంటే, ప్రీఇమేజ్ (ఆ రహస్య సంఖ్య) చేతిలో ఉన్నా ‘ఆ’ దాన్ని సమయానికి చైన్ మీద వాడలేడు.

ఫ్యాక్టరీలో ఉన్న ఛానల్ బయటి చెల్లింపులు ఫార్వర్డ్ చేస్తే సీఎల్‌టీవీ డెల్టా (వచ్చే, వెళ్లే చెల్లింపుల గడువుల మధ్య తేడా) 1296 మీద ఇంకో 100 అయినా ఉండాలి. అంత డెల్టా ఉన్న దారిని ఏ వాలెట్ ఎంచుకుంటుంది? రెండు అంతస్తులకి దిగండి. 16 స్టేట్లు, 864 బ్లాకులు. లేదా అంతస్తుకి 144 బదులు 36 చొప్పున తగ్గించండి (108, 72, 36, 0): మూడు అంతస్తులకీ కలిపి 324. కానీ మెంపూల్ (కన్ఫర్మ్ కావాల్సిన లావాదేవీల వరస) నిండి ఫీజు పెరిగిన రోజున 36 బ్లాకుల తేడాలో కొత్త స్టేట్ పాతదానికంటే ముందు కన్ఫర్మ్ అవ్వాలి. ఫీజు పెంచే ఏర్పాటు లేకుండా అంత తగ్గించకండి.

#19 – మెర్కిల్_మామ

కంగారు పడక్కర్లేని చోటు కూడా చెప్పాలి. ‘ఈ’ నిద్రపోతే అ–ఆ ఛానల్ ఆగదు, ఇ–ఉ ఛానల్ ఆగదు. వాటికి ఆ ఇద్దరి సంతకాలే చాలు. ఐదుగురూ కావాల్సింది ఛానళ్ల మధ్య సొమ్ము సర్దేటప్పుడే. హెచ్‌టీఎల్‌సీ ఉన్న ఆ–ఈ ఛానల్ తప్ప మిగతావాటికి తొందర లేదు. కరెంటు పోయిందో, రౌటర్ కాలిందో! గంటలో సాగనంపితే ఆ ఖర్చు మీదే.

#20 – డల్లాస్_రూటర్

ఆ ఖర్చు ఎంతో చూద్దాం, వీబైట్‌కి 20 సాట్లు అనుకుని. కిక్‌ఆఫ్, మూడు అంతస్తులు కలిపి నాలుగు లావాదేవీలు, పీ2ఏతో ఒక్కోటి 124 వీబైట్లు. ఒక్కోదానికీ ఫీజు కట్టే పిల్ల లావాదేవీ 152. మొత్తం 1104 వీబైట్లు, 22,080 సాట్లు. సాగనంపే లావాదేవీకి పీ2ఏ, దాని పిల్లతో కలిపి 435 వీబైట్లు, 8,700 సాట్లు. అంతా కలిపి 30,780. నలుగురూ సమానంగా పంచుకుంటే తలా 7,695.

‘ఈ’ వాటాలోంచి కోస్తే? చెయ్యకండి. ‘పలకలేదు’ అని నెపం పెట్టి ఎవర్ని పంపినా మనకి ఖర్చు లేదన్న లెక్క వచ్చేస్తుంది. పంపేవాళ్ల జేబుకి చిల్లు పడితేనే ఆలోచించి పంపుతారు.

అన్ని లావాదేవీలూ వెర్షన్ 3 (ట్రక్, బిప్ 431) చెయ్యండి. పిల్ల 1000 వీబైట్లు మించదు కాబట్టి ఎవడో పెద్ద పిల్లని తగిలించి పిన్ చెయ్యలేడు (కన్ఫర్మ్ కాకుండా ఇరికించలేడు). బిట్‌కాయిన్ కోర్ 28.0 నుంచి ట్రక్, పీ2ఏ రెండూ రిలే అవుతాయి. సున్నా సాట్ల పీ2ఏ కావాలంటే 29.0. ట్రక్‌లో కన్ఫర్మ్ కాని తల్లికి ఒక్క పిల్లే. కాబట్టి ఎన్‌సీక్వెన్స్ 0కి దిగిన అంతస్తు అయినా, పై అంతస్తు కన్ఫర్మ్ అయ్యాకే పంపాలి.

#21 – నిజాం_సాట్స్

గిదంతా ఎందుకు, నడుమ ఒక సర్వీస్ ప్రొవైడర్‌ని పెట్టి గడువు చెట్టు కడితే? ఆర్క్‌లో గట్లనే కదా. గడువులోపు రానోడి సొమ్ము సర్వర్ ఊడ్చుకుంటది.

#22 – మెర్కిల్_మామ

ఫోన్ వాలెట్ జనానికి అది నడుస్తుంది. సూపర్‌స్కేలర్ (ఇంకో ఛానల్ ఫ్యాక్టరీ డిజైన్) కూడా డెకర్–వాటెన్‌హోఫర్ మీద గడువు చెట్టు కలిపిందే. కానీ అక్కడ పలకనివాడు సొమ్ము పోగొట్టుకుంటాడు, లేదా సర్వర్ మంచితనం మీద బతకాలి. ఇక్కడ అడిగింది ఐదుగురు సమానుల గురించి. ఆసుపత్రిలో నెలరోజులు ఉన్నవాడికి తిరిగొచ్చేసరికి తన 6 లక్షలు కనపడాలి.

#23 – గోదారి_నోడ్

అందరికీ కృతజ్ఞతలు. ఇదీ రెగ్‌టెస్ట్‌లో (సొంత కంప్యూటర్ మీది పరీక్ష చైన్‌లో) ముందు నడిపే వెర్షన్, తప్పులుంటే చెప్పండి.

రెండు అంతస్తులు, 432 నుంచి 144 చొప్పున. స్టేట్ అవుట్‌పుట్‌కి కీ పాత్ మ్యూసిగ్2, ఒకే లీఫ్ (ఐదు కీలు). ప్రతి స్టేట్‌కీ క్రమం: 1) పూర్తి పంపకం, 2) నలుగురి పూల్‌ల పంపకాలు ఐదు, 3) ఎవరి సాగనంపు సంతకం వారు, 4) పై అంతస్తు సంతకాలు అన్నిటికంటే చివర. ఏ దశలో ఎవరు ఆగినా పాత స్టేట్‌లోనే ఉంటాం.

పలకకపోతే: 1 గంటకి ఫ్యాక్టరీ అప్‌డేట్లు ఆపడం, లోపలి ఛానళ్లు నడవనివ్వడం. 144 బ్లాకులకి వేరే దారిలో (ఈమెయిల్, ఫోన్) కబురు. 1008 బ్లాకులకి నలుగురి సంతకాలతో సాగనంపడం. హెచ్‌టీఎల్‌సీ గడువు దగ్గరపడితే 1008 దాకా ఆగం. ఫ్యాక్టరీ ఛానళ్లలో బయటి చెల్లింపులు ఫార్వర్డ్ చెయ్యం, మా ఐదుగురి మధ్యే. లోపలి హెచ్‌టీఎల్‌సీకి కనీస గడువు 1000 బ్లాకులు.

కిక్‌ఆఫ్: ఎన్‌సీక్వెన్స్ 432, వెర్షన్ 1. మిగతావన్నీ వెర్షన్ 3.

#24 – బ్లాక్144

చివరి లైన్ మార్చు. కిక్‌ఆఫ్‌కి టైమ్‌లాక్ అక్కర్లేదు. నిధి అవుట్‌పుట్ ఎప్పుడో కన్ఫర్మ్ అయి ఉంటుంది, ఆ 432 ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. కింది అంతస్తుల గడియారం మొదలుపెట్టడానికే కిక్‌ఆఫ్ ఉంది. దాన్ని తీసేసి మొదటి అంతస్తుని నేరుగా నిధికి తగిలిస్తే పాత స్టేట్లన్నీ ఒకేసారి చెల్లుబాటవుతాయి.

పైగా వెర్షన్ 1లో బిప్ 68 (ఎన్‌సీక్వెన్స్‌ని ఎదురుచూపుగా చూసే నియమం) అమలే కాదు, ఎన్‌సీక్వెన్స్‌లో ఏం రాసినా నోడ్ పట్టించుకోదు. ఇక్కడ అదృష్టం కొద్దీ నష్టం లేదు, ఈ టెంప్లేట్ కాపీ చేసి అంతస్తులకి వాడితే 432, 288 అన్నీ ఒట్టి అంకెలే. కిక్‌ఆఫ్ కూడా 3 చెయ్యి. రెగ్‌టెస్ట్‌లో ఒక టెస్ట్ తప్పకుండా రాయి: 288 స్టేట్ ఉండగా 432 స్టేట్‌ని 287వ బ్లాక్‌లో పంపి చూడు, రిజెక్ట్ అవ్వాలి.

#25 – గోదారి_నోడ్

మార్చేశా. టెంప్లేట్ ఒకటే ఫైల్‌లో ఉంది, అంతస్తులు కూడా అక్కడి నుంచే తీసుకుంటున్నాయి. వెర్షన్ ఎక్కడెక్కడ 1 ఉందో మొత్తం వెతుకుతున్నా.